ఐన్‌స్టైన్ లెక్కలకు, మావాడి గేములకు ఒకే గ్రాఫిక్స్ కార్డు: కడప ఎండలో ఏది నిలబడుతుంది?

ప్రశ్న: పల్సార్‌టీచర్, కడప

అందరికీ నమస్కారం. కడపలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ముప్పై వేల లోపు ఒక గ్రాఫిక్స్ కార్డు కొనాలి. పనులు రెండు. ఏడాది పొడవునా రాత్రిపూట ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ లెక్కలు నడవాలి, మధ్యమధ్యలో ఫోల్డింగ్ ఎట్ హోమ్ కూడా. రెండూ మన కంప్యూటర్ల చేత శాస్త్రవేత్తల లెక్కలు చేయించే ప్రాజెక్టులే. మొదటిది పల్సార్లనే నక్షత్రాలను వెతుకుతుంది, రెండోది ప్రొటీన్ల మడతలను లెక్కగడుతుంది. అనంతపురంలో బీటెక్ చదివే మావాడు సెలవులకు వచ్చినప్పుడు గేములు ఆడుకోవాలి. షాపులో అడిగితే గేముల సంగతి గడగడా చెబుతారు. రాత్రంతా ఫుల్ లోడ్ మీద నడిపితే ఎట్లా ఉంటుందని అడిగేసరికి "మైనింగా మేడమ్?" అంటారు, క్రిప్టో నాణేల కోసమనుకుని. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, వివరం తెలియకుండా సలహా చెప్పడం మీకూ కష్టమే కదా.

ఈ పని నాకు కొత్త కాదు. 2007లో ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడే గ్రహాంతరవాసుల సంకేతాలు వెతికే సెటీ ఎట్ హోమ్ పెట్టుకున్నాను. మనం వాడని వేళల్లో మన కంప్యూటర్ చేత శాస్త్రవేత్తల లెక్కలు చేయించడమనే పద్ధతిని 1999లో మామూలు ఇళ్లలోకి తెచ్చింది అదే. 2020 మార్చి 31న వాళ్లు కొత్త పని పంపడం ఆపేశారు. లాక్‌డౌన్ మొదలై వారం అప్పటికి. ఈ లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్ పేరు బోయింక్, ఖాళీగా ఉన్న దాని స్క్రీన్ చూస్తే ఇంట్లో మనిషి ఊరెళ్లినట్టు అనిపించింది. మర్నాడే ఐన్‌స్టైన్‌లో చేరాను.

ఐన్‌స్టైనే ఎందుకంటే, నేను పిల్లలకు చెప్పే పాఠం అందులో ఉంది. గురుత్వ తరంగాలను పట్టే లైగో డిటెక్టర్లు, గామా కిరణాలను చూసే ఫెర్మీ ఉపగ్రహం, దక్షిణాఫ్రికాలోని మీర్‌క్యాట్ టెలిస్కోపు పంపిన డేటాలో పల్సార్ల కోసం, అంటే గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రాల కోసం వెతకడమే దాని పని. 2010లో అరెసీబో రేడియో టెలిస్కోపు డేటాలోంచి ఈ ప్రాజెక్టుకు మొట్టమొదటి పల్సార్ ఇట్లాగే బయటపడింది. అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఒక దంపతుల కంప్యూటర్, జర్మనీలో ఇంకొకరి కంప్యూటర్ చేసిన లెక్కల్లో దొరికింది. సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే నక్షత్రం. భ్రమణ గతి పాఠం చెప్పేటప్పుడు ఏటా ఈ సంగతి చెబుతాను. వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "మనకూ దొరుకుతుందా మేడమ్?" అని అడుగుతారు. దొరకొచ్చు అంటాను. మనస్ఫూర్తిగానే అంటాను.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ చెప్తాను. మూడేళ్ల కింద ఒక షాపులో సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 కొన్నాను, 8 జీబీది. "గేములు ఆడిన కార్డు, అంతే" అన్నారు. తెచ్చి మిద్దె పైగదిలో పెట్టి ఇరవై నాలుగు గంటలూ నడిపాను. ఆ గదికి పడమటి గోడ. మే నెలలో రాత్రి పదింటికి కూడా ఆ గోడకు అరచెయ్యి ఆనిస్తే ఇస్త్రీ చేసి పక్కన పెట్టిన చొక్కా మాదిరి వెచ్చగా తగులుతుంది. రెండో ఎండాకాలంలో ఒక రాత్రి కంప్యూటర్ దానంతటదే ఆరిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఆకుపచ్చ గళ్లు.

పొద్దున కార్డు విప్పి చూశాను. హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము ఊడిపడేట్టు లేదు, కంబళి ముక్క మాదిరి అతుక్కుని ఉంది, పట్టకారుతో లాగితే పొరగా వచ్చింది. రెండు ఫ్యాన్లలో ఒకటి వేలితో తిప్పితే సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మెమరీ చిప్పుల చుట్టూ బోర్డంతా నూనె మరకలు. థర్మల్ ప్యాడ్లలోంచి కారిందని తర్వాత తెలిసింది. కార్డును ఎవరూ విప్పలేదని చూపడానికి స్క్రూల మీద ఉండాల్సిన స్టిక్కర్ అప్పటికే చిరిగి ఉంది, అది కొనేరోజే నేను చూడాల్సింది. మా వీధికి దగ్గర్లో బండల పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నాయి, కాబట్టి దుమ్ము సంగతి ఏ కార్డు కొన్నా తప్పదు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఆ కార్డుతో మొత్తం కంప్యూటర్ ప్లగ్ దగ్గర మీటరు పెట్టి చూస్తే 270 వాట్లు లాగేది. అంటే రోజుకు ఆరున్నర యూనిట్లు, నెలకు 194. మా ఇంటి మామూలు వాడకం ఎండాకాలంలో 210, 220. రెండూ కలిసి 400 దాటింది. మన బిల్లులో 225 యూనిట్ల దాకా చివరి శ్లాబు 6 రూపాయలు, అక్కడి నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇంటి అవసరాలు ఎట్లాగూ తప్పవు కాబట్టి ఎండాకాలంలో నా లెక్కలకు అయ్యే దాదాపు ప్రతి యూనిటూ పై శ్లాబులోనే పడుతుంది. సగటు రేటు తీసి లెక్క వేసుకుంటే మోసపోతాం.

డబ్బు కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకొకటి. ముద్దనూరు దగ్గర మన థర్మల్ స్టేషన్ చూసే ఉంటారు, 1650 మెగావాట్లది. అట్లాంటి చోట ఒక యూనిట్ తయారు కావాలంటే అరకిలోకు పైనే బొగ్గు కాలాలి. నక్షత్రాన్ని వెతుకుతున్నానని ఆ బొగ్గును వృథాగా కాల్చే హక్కు నాకు లేదు. తక్కువ వాట్లతో ఎక్కువ పని చేసే కార్డు కావాలి, ఇదే నా మొదటి షరతు.

కంప్యూటర్: రైజెన్ 5 3600, బి450 బోర్డు, 16 జీబీ ర్యామ్, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్, 1080పి మానిటర్. నేను చూస్తున్నవి ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060, ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600. మొదటి మూడూ ఎన్విడియా కంపెనీవి, చివరి రెండూ ఏఎండీవి. మావాడి ఓటు 3060కి, 12 జీబీ మెమరీ ఉందని. వాడి మాటలోనూ న్యాయం ఉంది, కొత్త గేములకు 8 జీబీ ఇరుకవుతోంది. కానీ దాని రేటింగ్ 170 వాట్లు, 4060ది 115. మీరైతే ఏది తీసుకుంటారు? ఈ ఎండలో కార్డును ఎట్లా కాపాడుకుంటున్నారు?


జవాబు 1: సోల్డరింగ్‌అనంత, అనంతపురం

మేడమ్, నమస్తే. నేను టవర్ క్లాక్ దగ్గర ఇరవై రెండేండ్లుగా కంప్యూటర్ రిపేరు చేస్తాండాను. మీరు రాసింది చదివితే మా టేబుల్ మీదికి వచ్చే కార్డు కండ్లకు కట్టినట్టు ఉండాది. సెకండ్ హ్యాండ్ కార్డులన్నీ చెడ్డవి కావు గానీ, మీ మాదిరి రాత్రంతా నడిపేవాళ్లు కొనగూడదు. గేములకైతే రోజుకు రెండు గంటలు, సరిపోతాది. మీ పనికి మిగిలిన ఆయుష్షు తెలిసిన కార్డు కావాల. కొత్తది కొనండి, బిల్లుతో, సీరియల్ నంబరు మీద మూడేండ్ల వారంటీ ఉండేది. డబ్బా మీద నంబరు, కార్డు మీద నంబరు, బిల్లులో నంబరు మూడూ ఒకటేనా అని షాపులోనే చూసుకోండి.

మీరు అడగంది ఒకటి ముందు చెప్తా. ఆ పైగది వదిలేయండి. ఏ కార్డు పెట్టినా ఆ గదిలో అది వేడి గాలే పీల్చుకుంటాది. గది 36 డిగ్రీలు ఉంటే కార్డు 76 చూపిస్తాది, అదే కార్డు 28 డిగ్రీల గదిలో 68 చూపిస్తాది. ఎన్విడియా కార్డులు 83 దగ్గరికి పోతే వాటంతట అవే స్పీడు తగ్గించుకుంటాయి. అంటే మీ కరెంటు పోతాది, పని మాత్రం తగ్గుతాది. కింది గదిలో, ఉత్తరం గోడకు పెట్టండి. బండల మీద నేరుగా పెట్టొద్దు, జానెడు ఎత్తు స్టూలు మీద పెట్టండి, చీపురు ఊడ్చేటప్పుడు లేచే దుమ్మంతా ఆ జానెడు లోపలే ఉంటాది.

మన సీమలో అందరిండ్లలో ఎయిర్ కూలర్లు ఉండాయి, మన పొడి గాలికి అవి బాగా పనిచేస్తాయి. కానీ కూలర్ మూతి కంప్యూటర్ వైపు తిప్పొద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కూలర్ విసిరే సన్న తుంపర్లు ఆరిపోయినాక తెల్లగా పొడి మిగుల్తాది, కూలర్ గడ్డి మీద చూసింటారు గదా. పోయిన జూన్‌లో పెండ్లి వీడియోలు చేసే పిల్లోడు ఒకడు తెచ్చిన కార్డు స్లాటు కాళ్ల మీద అదే తెలుపు. తుడిచి పెడితే పనిచేసింది, వాని అదృష్టం.

ఎండాకాలం నెలకొకసారి, మిగతా అప్పుడు రెండు నెలలకొకసారి బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకోవాల. గాలికి ఫ్యాన్ గిర్రున తిరిగితే చూసేదానికి బాగుంటాది, బేరింగు మాత్రం పోతాది. శానామంది ఫ్యాన్లు ఇట్లే చెడగొట్టుకుని మా దగ్గరికి వస్తారు.

ఇన్వర్టర్ మీద నడపొద్దు. 150 ఏహెచ్ బ్యాటరీ మీ కంప్యూటర్‌ను ఎన్నో గంటలు మోయలేదు, మీరు ఫ్యాను లేకుండా చెమటలో పడుకోవాల. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరయితే ఎస్‌ఎంపీఎస్‌కు కూడా మంచిది కాదు. చిన్న యూపీఎస్ పెట్టుకోండి, కరెంటు పోయినప్పుడు నిదానంగా ఆపుకునేంత టైము ఇస్తే చాలు.

కార్డు మాటకొస్తే, మీకు 4060. 3060 కొన్నా తప్పు లేదు, పవర్ లిమిట్, అంటే కార్డు లాగే కరెంటు హద్దు, 170 వాట్ల నుంచి 120కి దించి నడపండి. వాట్లు తగ్గినంతగా స్పీడు తగ్గదు. మీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ రెండిటికీ సరిపోతాది.


జవాబు 2: తుంగభద్ర‌ఫోల్డర్, కర్నూలు

మేడమ్ గారూ, మీ పోస్టు మా రూములో ముగ్గురం కూర్చుని చదివాం. నేను ఫోల్డింగ్ ఎట్ హోమ్ మాత్రమే నడుపుతాను. మా అవ్వకు అల్జీమర్స్. చివరి రెండేళ్లు నన్ను మా నాయన పేరుతో పిలిచేది. ప్రొటీన్లు తప్పుగా మడత పడటానికీ ఆ జబ్బుకూ సంబంధం ఉందని చదివాక 2000 నుంచీ ఆ మడతలనే లెక్కగట్టే ప్రాజెక్టు ఒకటుందని తెలిసింది. ఆ రోజు నుంచి ఆపలేదు.

2020 మార్చిలో కరోనా ప్రొటీన్ల కోసం జనం ఎగబడి చేరినప్పుడు ఆ నెట్‌వర్క్ వేగం ఎక్సాఫ్లాప్ దాటింది. సెకనుకు ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలన్ని లెక్కలు. అప్పటికి ఏ సూపర్ కంప్యూటరూ ఆ వేగం చూడలేదు. అందులో మన గదుల్లో ఉండేలాంటి కార్డుల వాటా పెద్దది.

ఎంపిక దగ్గర ఒక మాట. ఫోల్డింగ్‌లో 2020లో క్యూడా, అంటే ఎన్విడియా కార్డుల చేత లెక్కలు చేయించే ఆ కంపెనీ సొంత పద్ధతి, వచ్చాక ఆ కార్డులకు మంచి ఊపు వచ్చింది. ఫోల్డింగ్ కూడా చేస్తానంటున్నారు కాబట్టి నా ఓటు ఎన్విడియాకే. ఐన్‌స్టైన్ ఒక్కటే అయితే ఏఎండీ కూడా గట్టి పోటీ ఇస్తుంది.

రాత్రి మాత్రమే నడుపుతామన్నారు కదా, అక్కడ రెండు ప్రాజెక్టులకూ తేడా ఉంది. ఐన్‌స్టైన్ పనికి మామూలుగా రెండు వారాల గడువు ఇస్తారు, పొద్దున ఆపి రాత్రి కొనసాగించినా నష్టం లేదు. ఫోల్డింగ్‌లో ఒక పని ఫలితం మీదే తర్వాతి పని ఆధారపడుతుంది, అందుకే త్వరగా తిప్పి పంపాలి. గడువు చిన్నది, త్వరగా ఇచ్చిన వాళ్లకు బోనస్ పాయింట్లు ఎక్కువ. పొద్దున ఆరింటికి సగంలో ఆపేస్తే ఆ పని సాయంత్రం దాకా మన దగ్గర ఊరికే కూర్చుంటుంది. కాబట్టి ఆపాల్సిన వేళకు రెండు మూడు గంటల ముందే ఫినిష్ నొక్కండి. చేతిలో ఉన్నది పూర్తి చేసి పంపి, కొత్తది తీసుకోకుండా ఆగిపోతుంది. ఫోల్డింగ్ వాళ్లు ఇచ్చే గుర్తింపు కోడు, పాస్‌కీ, తీసుకోవడం మర్చిపోకండి. అది పెట్టి పది పనులు సరిగ్గా పూర్తి చేశాకే బోనస్ మొదలవుతుంది.

గేముల మాట: మీది బి450 బోర్డు, అంటే కార్డుకు డేటా మోసే దారి పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 తరానిది. 4060, 5060, 6600, 7600 అన్నీ ఆ దారిలో ఎనిమిది లేన్లు, అంటే ఎనిమిది వరసలు, మాత్రమే వాడే కార్డులే. గేము 8 జీబీ లోపల సర్దుకున్నంత సేపు తేడా పెద్దగా తెలియదు. మెమరీ నిండి ర్యామ్ వైపు పొంగితే మాత్రం మీ బోర్డు మీద కుదుపులు ఎక్కువ కనిపిస్తాయి. 3060కి పదహారు లేన్లు, 12 జీబీ, అందుకే మీ అబ్బాయి దాన్ని అడుగుతున్నాడు. టెక్స్చర్లు, అంటే బొమ్మల మీది వివరాలు, అల్ట్రా నుంచి హైకి దించుకుంటే 1080పిలో 4060కి ఇబ్బంది లేదని నా అనుభవం. ఎవరైనా చవగ్గా ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అంటే మాత్రం వద్దనండి. దానికి నాలుగే లేన్లు, మీ బోర్డు మీద గొంతు పట్టుకున్నట్టే.


పల్సార్‌టీచర్, కడప

అనంతపురం అన్నకు, కర్నూలు బాబుకు చాలా థాంక్స్. బాబూ, అవ్వ సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. వారానికి రెండు రాత్రులు ఫోల్డింగ్‌కే ఇస్తాను, ఇది మాట.

అన్న చెప్పినట్టు కింది గదిలో థర్మామీటర్ పెట్టి మూడు రాత్రులు చూశాను. పైగదిలో రాత్రి పదింటికి 35 ఉంటే కింద 30. కార్డు కొనకముందే ఐదు డిగ్రీలు ఉచితంగా దొరికాయి.

కాగితం మీద ఈ లెక్క వేశాను. 3060కి 4060కి తేడా 55 వాట్లు. రాత్రికి పది గంటల చొప్పున ఏడాదికి 200 యూనిట్లు. ఏడాదంతా పై శ్లాబే అనుకుంటే 8.75 చొప్పున 1,750 రూపాయలు, మూడేళ్ల వారంటీ కాలానికి ఐదు వేల పైమాటే. షాపులో 3060 కాస్త చవగ్గా కనిపించినా ఆ చవక బిల్లులో కరిగిపోతుంది. లిమిట్ 120కి దించితే ఈ వాదన బలం తగ్గుతుందని ఒప్పుకుంటాను. కానీ అప్పుడు దాని వేగమూ కొంత తగ్గుతుంది కదా.

ఇంకో అనుమానం. పాత పోస్టులు చదువుతుంటే డబుల్ ప్రెసిషన్, అంటే రెట్టింపు కచ్చితత్వంతో చేసే లెక్క, వేగం ఎక్కువున్న కార్డే కొనాలని చాలామంది రాశారు. ఇప్పటికీ అది అవసరమా?


జవాబు 3: ఎండమిద్దె, ప్రొద్దుటూరు

అక్కా, ఆ పోస్టులు చాలామటుకు మన పాలపుంత ఆకారాన్ని లెక్కగట్టే మిల్కీవే ఎట్ హోమ్ కాలం నాటివి. ఆ ప్రాజెక్టుకు డబుల్ ప్రెసిషనే ప్రాణం. అందుకే అప్పట్లో పాత ఏఎండీ కార్డులను వెతికి వెతికి కొనేవాళ్లు. గ్రాఫిక్స్ కార్డుతో చేసే ఆ పని 2023లో ముగిసింది, ఇప్పుడు అక్కడ ప్రాసెసర్ పనే ఉంది. నోబెల్ వచ్చిన డేవిడ్ బేకర్ గారి ప్రొటీన్ల ప్రాజెక్టు రొసెట్టా ఎట్ హోమ్ కూడా ప్రాసెసర్‌దే, దానికోసం కార్డు కొనక్కర్లేదు. డబుల్ ప్రెసిషన్ నిజంగా కావాల్సింది పెద్ద ప్రధాన సంఖ్యల వేటకు. 2024 అక్టోబరులో దొరికిన నాలుగు కోట్ల పది లక్షల అంకెల మెర్సెన్ ప్రధాన సంఖ్యను పట్టింది గ్రాఫిక్స్ ప్రాసెసర్లే, కానీ అవి డేటా సెంటర్లలోవి. మనం కొనే జీఫోర్స్ కార్డుల్లో డబుల్ ప్రెసిషన్ వేగం మామూలు వేగంలో 64వ వంతు. మీ పల్సార్లకు దానితో పెద్దగా పనిలేదు.

ఐన్‌స్టైన్‌కు చూడాల్సింది మెమరీ బ్యాండ్‌విడ్త్, అంటే కార్డు తన మెమరీలోంచి ఎంత వేగంగా డేటా లాగగలదో అది. సెకనుకు 6600ది 224 జీబీ, 4060ది 272, 7600ది 288, 3060ది 360, 5060ది 448. నా దగ్గర 6600 ఉంది, 132 వాట్లది, లినక్స్ మీద నడుపుతాను. ఐన్‌స్టైన్ పని నిలకడగా చేస్తుంది. ఏఎండీ కార్డు చేత లెక్కలు చేయించే ఓపెన్‌సీఎల్ డ్రైవర్ సర్దుకోవడానికే మొదట రెండు ఆదివారాలు పోయాయి, అది ముందే చెప్పాలి. బ్యాండ్‌విడ్త్ చూస్తే 5060 మంచి బేరం, 145 వాట్లు. పాత 32 బిట్ క్యూడా ప్రోగ్రాములు మాత్రం 50 సిరీస్‌లో నడవవు.

నేను మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాను, సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు వచ్చింది. మంచి ఎండ రోజున పన్నెండు యూనిట్లు ఇస్తుంది. అందుకే లెక్కలన్నీ పగలే చేయిస్తాను, పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా. ఎండను నేరుగా లెక్కల్లోకి మార్చినట్టు ఉంటుంది. మీరూ ఆలోచించండి.


పల్సార్‌టీచర్, కడప

తమ్ముడూ, డబుల్ ప్రెసిషన్ ముడి విప్పినందుకు సంతోషం. సోలార్ మాట దగ్గర మాత్రం నీతో కొంచెం వాదించాలి. నీకు నెట్ మీటర్ ఉంటే పగలు వాడకుండా గ్రిడ్‌కు పంపిన యూనిట్ రాత్రి నీ ఖాతాలోంచే తిరిగి వస్తుంది. బిల్లులో తేడా రాదు. కానీ మే నెల మధ్యాహ్నం రెండింటికి 200 వాట్ల వేడి గదిలోకి వదలడమంటే ఇద్దరు మనుషులు అదనంగా వచ్చి ఆ గదిలో కూర్చున్నట్టే. ఆ వేడిని తోలడానికి కూలరో ఏసీయో ఇంకాస్త తిరగాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీ పద్ధతి సరే, ఎండాకాలం మాత్రం రాత్రికి మార్చి చూడు. మిద్దె మీద సోలార్ నేనూ పెట్టించాలి, అది వచ్చే ఏటి పని.


పల్సార్‌టీచర్, కడప (రెండు వారాల తర్వాత)

కొన్నాను. ఆర్‌టీఎక్స్ 4060, రెండు ఫ్యాన్లది. ఇక్కడ దొరికిన ధరకూ చెన్నై రిచీ స్ట్రీట్ ధరకూ తేడా ఉండటంతో పెళ్లికని చెన్నై వెళ్లినప్పుడు తీసుకున్నాను. అన్న చెప్పినట్టు మూడు నంబర్లూ కౌంటర్ దగ్గరే సరిచూశాను. 5060కి మూడు వేలు ఎక్కువ చెప్పారు. బ్యాండ్‌విడ్త్ చూసి చాలాసేపు ఊగిసలాడాను. వేగం కావాలంటే అదే సరైనది, ఎవరైనా ఏసీ గదిలో నడిపేవాళ్లయితే అదే తీసుకోండి. నాకు ఆ ముప్పై వాట్ల తేడానే ముఖ్యమనిపించింది.

కంప్యూటర్ కింది గదికి దించాం. స్టూలు మీద పెట్టాం, క్యాబినెట్ ముందు దోమల మెష్ ముక్క అయస్కాంతాలతో అంటించాను. వారానికే ఆ మెష్ బూడిద రంగుకు తిరిగింది. విప్పి కొళాయి కింద కడిగితే సన్నటి రాతి పొడి నీళ్లు వచ్చాయి. ఇదంతా ఇదివరకు హీట్‌సింక్‌లోకి పోయేదే.

కొలతలు: ఐన్‌స్టైన్ నడుస్తుంటే ప్లగ్ దగ్గర మొత్తం 190 వాట్లు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా 1.9 యూనిట్లు, నెలకు 57. ఎండాకాలం పై శ్లాబులో లెక్కేసినా ఐదు వందలు. చలికాలం మా వాడకం 150కి దిగుతుంది కాబట్టి 6 రూపాయల శ్లాబులోనే అయిపోయి 340 దగ్గర ఆగుతుంది. కార్డు 67 డిగ్రీలు దాటలేదు, గది 30 ఉన్నప్పుడు.

మొదటి రాత్రి ఒక చిక్కు వచ్చింది. కార్డు వాడకం వంద దగ్గర నిలబడకుండా పడుతూ లేస్తూ ఉంది. చూస్తే ప్రాసెసర్ మొత్తాన్ని కూడా వేరే లెక్కలకు ఇచ్చేశాను. ఎన్విడియా కార్డు మీద నడిచే ఒక్కో పనికి ప్రాసెసర్‌లో ఒక త్రెడ్ పూర్తిగా కావాలి, లేకపోతే కార్డు పని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. బోయింక్‌లో ప్రాసెసర్ వాడకం 75 శాతానికి దించాక సర్దుకుంది. కొత్తగా చేరేవాళ్లు ఇది ముందే చేసుకోండి.

శనివారం మావాడు వచ్చాడు. 12 జీబీ రాలేదని మొదట కాస్త చిన్నబుచ్చుకున్నాడు. వాడు ఆడేవన్నీ 1080పిలో హై సెట్టింగ్స్ మీద హాయిగా నడిచాయి, ఒక కొత్త గేములో మాత్రం టెక్స్చర్లు మీడియంకు దించాడు. బోయింక్ మేనేజర్‌లో ఎక్స్‌క్లూజివ్ అప్లికేషన్స్ అని ఒక ట్యాబ్ ఉంది. అందులో గేము ఫైళ్ల పేర్లు వాడే చేర్చాడు. గేము తెరిస్తే కార్డు మీది లెక్క ఆగిపోతుంది, మూస్తే ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. నువ్వు ఆపు, నేను ఆపను అనే గొడవ మా ఇంట్లో ఇక లేదు. మెమరీ ఓవర్‌క్లాక్ చేస్తానన్నాడు, అంటే కంపెనీ పెట్టినదానికంటే వేగంగా నడుపుతానని, అది మాత్రం ఒప్పుకోలేదు. గేములో ఒక చుక్క రంగు తప్పితే ఎవరికీ ఏమీ కాదు. ఇక్కడ ఒక అంకె తప్పితే ఆ రాత్రి కాలిన కరెంటంతా చెత్తబుట్టలోకే.

ఐన్‌స్టైన్‌లో ఒకే పనిని ఇద్దరు వేర్వేరు మనుషుల కంప్యూటర్లకు పంపుతారని మీకు తెలుసు, రెండు జవాబులూ కలిస్తేనే ఖాయం చేస్తారు. ఆదివారం రాత్రి అన్నం తిని వచ్చి చూస్తే కొత్త కార్డు చేసిన మొదటి పని పక్కన 'వ్యాలిడ్' అని పడి ఉంది. మీర్‌క్యాట్ డేటా. అవతలి కంప్యూటర్ ఎవరిదో, ఏ దేశంలో ఉందో నాకు తెలియదు. మావాడిని పిలిచి చూపించాను. "అయితే పల్సార్ దొరికిందా అమ్మా?" అని అడిగాడు. ఇంకా లేదురా అన్నాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, తర్వాతి పని ఎంత శాతం అయిందో చూడమన్నాడు. 62 శాతం దగ్గర ఉంది.